టర్కీ కోడి: హలాల్‌తో మొదలు, తయ్యిబ్‌తో పూర్తి

అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం నాడు పాఠశాలలు, కార్యాలయాలు మూతపడతాయి. దూరాన ఉన్న పిల్లలు తల్లిదండ్రుల ఇళ్ళకు చేరుకుంటారు. ఆ రోజును థ్యాంక్స్ గివింగ్, అంటే కృతజ్ఞతా దినం అంటారు. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ దీనిని దేశమంతటా పాటించాలని ప్రకటించారు. నాలుగవ గురువారమే సెలవు దినమని 1941లో చట్టం నిర్ణయించింది. ఆ పూట భోజనానికి కేంద్రం ఓవెన్‌లో ముక్కలు చేయకుండా కాల్చిన పెద్ద టర్కీ కోడి.

హైదరాబాదు, గుంటూరు, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వెళ్ళి షికాగోలోనో, డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో స్థిరపడిన ముస్లిం కుటుంబాలకు కూడా ఈ సెలవు అనుభవంలోనిదే. ఆ రోజును పాటించే విషయంలో ధర్మపండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇది మతంతో సంబంధం లేని దేశాచారమని కొందరు, దూరంగా ఉండడమే మేలని మరికొందరు అంటారు. ఆ చర్చ ఎలా ఉన్నా టర్కీ కోడి మాత్రం చాలా ముస్లిం ఇళ్ళలోకి ప్రవేశించింది. సెలవు దినాన బంధువులు కూడినప్పుడు కొందరు, ఈద్ విందుకు కొందరు దానిని వండుతున్నారు. బిర్యానీ, హలీం వండడంలో చేయి తిరిగిన గృహిణి కూడా ఆరు కిలోల పక్షిని మొదటిసారి ఎదుట పెట్టుకున్నప్పుడు కాస్త తడబడడం సహజం.

ఆమె మనసులో మెదిలే మొదటి ప్రశ్న, ‘ఇది హలాలేనా?’ అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాత చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. కాని దివ్య ఖుర్‌ఆన్ ఆహారాన్ని గురించి చెప్పేటప్పుడు ‘హలాల్’ అనే మాటకు ‘తయ్యిబ్’ అనే మాటను జత చేసింది. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, ఆరోగ్యకరమైనది. మొదటిది చాలావరకు దుకాణంలో తేలిపోతుంది. రెండవది వంటింట్లో, మన చేతుల మీదుగా నిర్ణయమవుతుంది. టర్కీ కోడి విషయంలో ఈ రెండవ బాధ్యత సాధారణ కోడికంటె చాలా ఎక్కువ. కారణం దాని పరిమాణమే.

పేరులోనే ప్రపంచ యాత్ర

ఈ పక్షి పుట్టినిల్లు ఉత్తర అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ప్రాచీన ప్రజలు దీనిని మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దం ఆరంభంలో స్పెయిన్ వారు దీనిని ఐరోపాకు తీసుకువెళ్ళారు. తుర్కుల వర్తకం ద్వారా వచ్చే గిన్నికోడితో కలిపి పొరబడిన ఆంగ్లేయులు దీనికి ‘టర్కీ’ అని పేరు పెట్టారు. తుర్కులేమో దీనిని ‘హిందీ’ అంటారు, అంటే హిందూస్థానానిదని. అరబ్బులలో చాలామంది ‘దీక్ రూమీ’, అంటే రోము దేశపు పుంజు అంటారు. ఈ మూడు జాతులూ ఈ పక్షిని పరాయి దేశానికి అంటగట్టినవే గాని, దాని అసలు దేశం పేరు పెట్టలేదు.

మన దేశపు ముస్లిం చరిత్రలో కూడా దీనికి చోటు ఉంది. 1612లో ముఖర్రబ్ ఖాన్ అనే ఉద్యోగి గోవా నుంచి తెచ్చిన అపురూప వస్తువులలో ఒక టర్కీ పుంజు కూడా ఉన్నది. జహంగీర్ చక్రవర్తి దాని తల, మెడ రంగులు మారడం చూసి ఆశ్చర్యపడి తన స్వీయచరిత్రలో వివరంగా వ్రాసుకున్నాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన టర్కీ పుంజు చిత్రం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

ఇది వేటాడి తినే పక్షి కాదు. గింజలు, ఆకులు, పురుగులు తిని బ్రతుకుతుంది. అందుచేత పండితులలో అత్యధికులు దీనిని హలాల్ పక్షిగానే పరిగణిస్తారు. అయితే కోడికి, మేకకు వర్తించే నియమమే దీనికీ వర్తిస్తుంది. అల్లాహ్ నామం ఉచ్చరించి, షరీఅత్ విధించిన ప్రకారం జిబహ్ చేసి ఉండాలి.

కొనేటప్పుడు గమనించవలసినవి

హలాల్ టర్కీ ప్రతి దుకాణంలో దొరకదు. హలాల్ మాంసం అమ్మేవారికి రెండు మూడు వారాల ముందే చెప్పి ఉంచడం మంచిది. యంత్రంతో కోసినది సమ్మతమా, చేతితో కోసినదే కావాలా అనే విషయంలో కుటుంబాల అభిప్రాయాలు వేరువేరుగా ఉంటాయి. కొనే ముందే అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి. పొట్లాలపై హలాల్ ధ్రువీకరణ ముద్రను వెతకాలి. ఉదాహరణకు, షికాగో ప్రాంతంలో ఉన్న ఇఫాన్కా సంస్థ ముద్రలో నెలవంకతో పాటు ‘ఎం’ అక్షరం కనిపిస్తుంది.

పక్షి హలాల్ అయినంత మాత్రాన దానితో వండే ప్రతి పదార్థమూ హలాల్ అవుతుందనుకోరాదు. అమెరికన్ వంట పుస్తకాలలో రొమ్ముపై పందిమాంసపు పొరలు కప్పడం, రొట్టెముక్కల కూరులో పంది సాసేజి కలపడం, గ్రేవీలో ద్రాక్షసారా పోయడం సాధారణం. డబ్బాలలో వచ్చే మాంసరసం, గ్రేవీ పొడి, తీపి వంటకాలలో వాడే జెలటిన్ హలాల్ కాకపోవచ్చు. వాటి పైచీటీలు చదవడం తప్పనిసరి. ద్రాక్షసారాకు బదులు కాస్త నిమ్మరసం, పక్షి ఎముకలతో మనమే కాచుకున్న యఖ్నీ వాడితే రుచికి ఏ లోటూ రాదు.

ఎముకలతో సహా తూచినప్పుడు మనిషికి 450 నుంచి 680 గ్రాముల చొప్పున లెక్క వేసుకోవాలి. ఆ లెక్కన ఆరు కిలోల పక్షి సుమారు పదిమందికి సరిపోతుంది. పక్కన బిర్యానీ, కబాబులు కూడా ఉంటే ఇంకా చిన్నది చాలు. పళ్ళెం నిండుగా కనిపించాలని పెద్దది కొని, తరువాత పారవేయడం ఇస్రాఫ్, అంటే దుబారా. అతిథి మర్యాదకు దుబారా కొలమానం కాదు.

వంట ఆదివారమే మొదలవుతుంది

టర్కీ వండడంలో ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది మంట దగ్గర కాదు, మంచు దగ్గర. గడ్డకట్టిన ఆరు కిలోల పక్షి లోపలి దాకా కరగడానికి మూడు రోజులు పడుతుంది. రెండు కిలోలకు ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. గురువారం విందుకు ఆదివారం ఉదయమే ఫ్రీజరు నుంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. కరిగే నీరు ఇతర పదార్థాలపై పడకుండా లోతైన పళ్ళెంలో ఉంచి, అన్నిటికంటె క్రింది అరలో పెట్టాలి.

వంటింటి గట్టు మీద రాత్రంతా ఉంచి కరిగించడం ప్రమాదకరం. లోపల మంచు ఇంకా గడ్డగా ఉండగానే పైమాంసం గది వేడికి వస్తుంది. 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. సమయం చాలకపోతే నీరు చొరని సంచిలో పక్షిని కట్టి చల్లని నీటిలో ముంచి ఉంచవచ్చు. ప్రతి అరగంటకు నీరు మార్చాలి. ఈ పద్ధతిలో అరకిలోకు సుమారు అరగంట చొప్పున ఆరు కిలోలకు ఆరేడు గంటలు పడుతుంది. అలా కరిగించిన వెంటనే వండివేయాలి.

కరిగిన తరువాత లోపలి ఖాళీలో, మెడ దగ్గర వెతికి చూడాలి. మెడ, కాలేయం, గుండె, కందనకాయ ఒక చిన్న సంచిలో కట్టి అక్కడ పెట్టి ఉంటారు. తెలియనివారు ఆ సంచితో సహా ఓవెన్‌లో పెట్టివేస్తుంటారు. కాలేయం వేరుగా వేయించుకుని, మిగతావాటిని యఖ్నీకి వాడుకోవచ్చు.

మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి నాలుగైదు నీళ్ళతో కడగడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం కోడిజాతి మాంసాన్ని కడగవద్దని సలహా ఇస్తుంది. పెద్ద పక్షిని కుళాయి క్రింద కడిగితే ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కనున్న పచ్చికూరల మీద కూడా పడతాయి. సాల్మొనెల్లా వంటి క్రిములు వ్యాపించే దారులలో ఇది ఒకటి. వాటిని చంపేది నీరు కాదు, వేడి. అయినా కడగకుండా మనసు ఒప్పనివారు పక్కనున్న వస్తువులన్నీ ముందే తీసివేసి, కుళాయి ధార సన్నగా పెట్టుకుని కడగాలి. ఆ తరువాత సింకును, గట్టును, చేతులను సబ్బుతో శుభ్రపరచి, సింకును క్రిమిసంహారక ద్రావణంతో తుడవాలి.

ఉప్పు, మసాలా

టర్కీ మాంసం చప్పగా ఉంటుందని మనవారి ఫిర్యాదు. ఆఖరి నిమిషంలో పైన మసాలా పూయడమే అందుకు ముఖ్య కారణం. అంత మందమైన మాంసంలోకి ఉప్పు ఇంకడానికి ఒక రోజైనా పడుతుంది. బుధవారం ఉదయం పక్షిని కాగితపు తువ్వాలుతో తడి లేకుండా తుడిచి, కిలోకు 8 గ్రాముల చొప్పున ఉప్పు లోపల, వెలుపల, వీలైనచోట చర్మం క్రింద రుద్దాలి. ఆరు కిలోలకు సుమారు 50 గ్రాములు అవుతుంది. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం ఆరి, కాలినప్పుడు కరకరలాడుతుంది. కొన్ని పక్షులకు కంపెనీలోనే ఉప్పునీరు ఎక్కించి అమ్ముతారు. ఆ మాట పైచీటీ మీద ఉంటుంది. అటువంటి వాటికి మళ్ళీ ఉప్పు పట్టించరాదు.

దక్కను రుచి కావాలంటే ముర్గ్ ముసల్లంకు వాడే మసాలానే వాడవచ్చు. అల్లం వెల్లుల్లి ముద్ద, గట్టి పెరుగు, ఎండుకారం, గరం మసాలా, వేయించిన ఉల్లిపాయల ముద్ద కలిపి ఉప్పు లేకుండా తయారు చేసుకోవాలి. రొమ్ముకు, చర్మానికి మధ్య వేళ్ళు మెల్లగా జొనిపి, ఆ ఖాళీలో ఈ ముద్దను పట్టించాలి. చర్మం పైన నెయ్యో నూనెయో మాత్రమే రాయాలి. పెరుగు పైన పూస్తే త్వరగా నల్లబడుతుంది.

ఈజిప్టు, షాం దేశాల అరబ్బు కుటుంబాలు విందు టర్కీలో మాంసపు కీమా, గింజపప్పులు కలిపిన అన్నం కూరుతారు. చూడముచ్చటైన వంటకమే, కాని కూరినప్పుడు వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది. పచ్చి మాంసరసం ఆ అన్నంలోకి దిగుతుంది గనుక కూరు నడిభాగం కూడా 74 డిగ్రీలకు చేరవలసిందే. క్రొత్తగా వండేవారు అన్నాన్ని వేరే పాత్రలో వండి, వడ్డించేటప్పుడు పక్షి చుట్టూ పేర్చడం క్షేమం. పక్షి కడుపులో ఉల్లిపాయ, నిమ్మచెక్కలు, వెల్లుల్లి, కొత్తిమీర కట్ట ఉంచితే సువాసన సరిపోతుంది.

ఓవెన్‌లో ఏం జరుగుతుంది?

టర్కీ ఎక్కువగా నడిచే పక్షి. నిరంతరం శ్రమించే కాళ్ళ కండరాలలో ప్రాణవాయువును నిలువ చేసే ఎర్రని పదార్థం అధికం. అందుకే తొడ మాంసం ముదురు రంగులో ఉంటుంది. అందులోని నరాలు, పీచు మెత్తబడడానికి ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. రొమ్ము మాంసం తెల్లనిది, కొవ్వు తక్కువ. అది త్వరగా ఉడుకుతుంది, ఆ తరువాత ప్రతి నిమిషానికీ ఎండిపోతుంది. ఒకే పక్షిలో రెండు రకాల మాంసం, రెండు రకాల అవసరాలు. తొడ ఉడికేవరకు రొమ్మును కాపాడడమే ఈ వంటలోని నేర్పు.

ఓవెన్‌ను 325 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 163 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయాలి. లోతైన పళ్ళెంలో ఇనుప జాలీ పెట్టి, దానిపై రొమ్ము పైకి వచ్చేటట్లు పక్షిని ఉంచాలి. కాళ్ళు ఓవెన్ లోపలివైపు ఉండడం మంచిది. సాధారణంగా వెనుక భాగంలోనే వేడి ఎక్కువ. లోపల కూరు లేని ఆరు కిలోల పక్షికి మూడు నుంచి మూడు గంటల ముప్పావు పడుతుంది. రొమ్ము బంగారు రంగు తిరిగిన తరువాత దానిపై అల్యూమినియం రేకును వదులుగా కప్పాలి. మాటిమాటికి తలుపు తెరిచి నెయ్యి పోస్తూ ఉంటే ఓవెన్ వేడి పడిపోతుంది, వంట ఆలస్యమవుతుంది.

పక్షి నిండు రూపంతో కనిపించకపోయినా పరవాలేదనుకునేవారికి మరొక పద్ధతి ఉంది. బలమైన కత్తెరతో వెన్నెముకను తీసివేసి, రొమ్మును అదిమి పక్షిని పుస్తకంలా పరచి, 450 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద కాల్చితే అది దాదాపు గంటన్నరలోనే సిద్ధమవుతుంది. కాళ్ళు, రొమ్ము కూడా ఇంచుమించు ఒకేసారి ఉడుకుతాయి. తీసిన వెన్నెముక యఖ్నీకి పనికివస్తుంది.

పెరటిలో పెద్ద పాత్రలో నూనె కాచి పక్షిని వేయించే అలవాటు కూడా అక్కడ ఉంది. మంచు పూర్తిగా కరగని పక్షిని కాగిన నూనెలో వేస్తే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై నూనె పొంగి మంటలు లేస్తాయి. అమెరికాలో వంట వలన ఇళ్ళు అంటుకునే ప్రమాదాలు థ్యాంక్స్ గివింగ్ రోజునే అత్యధికం. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పద్ధతి జోలికి పోకుండా ఉండడమే మంచిది.

కంటికి కాదు, కొలతకు లోబడాలి

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేము. పైచర్మం ముదురు గోధుమ రంగు తిరిగినా ఎముక దగ్గర పచ్చిగా ఉండవచ్చు. పూర్తిగా ఉడికిన మాంసం కూడా ఒక్కొక్కసారి గులాబీ రంగులో కనిపించవచ్చు. కొన్ని పక్షుల రొమ్ములో గుచ్చి ఉంచే ప్లాస్టిక్ మీట పైకి లేచిందని సంతృప్తి పడరాదు. వంటకు వాడే థర్మామీటరును మూడు చోట్ల గుచ్చి చూడాలి: రొమ్ములో అత్యంత మందమైన చోట, తొడ లోపలి భాగంలో, రెక్క మొదట్లో. ముల్లు ఎముకను తాకరాదు. మూడు చోట్లా 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్ కనిపించాలి. అనుకున్న సమయానికి ముప్పావు గంట ముందు నుంచే కొలవడం ప్రారంభించాలి.

ఈ చిన్న సాధనం ఖరీదు తక్కువ, దాని అవసరం పెద్దది. ఆ పళ్ళెం చుట్టూ కూర్చునేవారిలో గర్భిణి కోడలు ఉండవచ్చు, రెండేళ్ళ మనుమడు ఉండవచ్చు, మధుమేహంతో నీరసించిన మామగారు ఉండవచ్చు. పెద్దలకు ఒక పూట కడుపునొప్పితో పోయేది అటువంటి వారిని ఆసుపత్రి పాలు చేయగలదు. అతిథి తన పళ్ళెంలోని ముక్కను పరీక్షించి తినడు. మనల్ని నమ్మి బిస్మిల్లాహ్ అని నోట పెట్టుకుంటాడు. ఆ నమ్మకం మన దగ్గర ఉన్న అమానత్.

మగ్రిబ్ తరువాత వడ్డన

ఓవెన్ నుంచి తీసిన పక్షిని వెంటనే కోయరాదు. 20 నుంచి 30 నిమిషాలు కదపకుండా ఉంచితే రసం మాంసంలోనే నిలుస్తుంది. వెంటనే కోస్తే అది పలక మీదికి కారిపోతుంది. నవంబరు చివరి వారంలో షికాగోలో సాయంత్రం నాలుగున్నరకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఓవెన్‌లో పెట్టిన పక్షి మూడున్నర, నాలుగుంబావు మధ్య బయటికి వస్తుంది. ఇంటిల్లిపాదీ మగ్రిబ్ నమాజు ముగించేసరికి దాని విశ్రాంతి కూడా పూర్తవుతుంది.

ముందు కాళ్ళను కీలు దగ్గర వేరు చేయాలి. తరువాత రొమ్మును ఎముక నుంచి ఒకే ముక్కగా విడదీసి, పీచుకు అడ్డంగా పలుచని ముక్కలు కోయాలి. కోసేటప్పుడు తొడ దగ్గర పచ్చిదనం కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. రొమ్మును వడ్డించి, కాళ్ళను మాత్రం మళ్ళీ ఓవెన్‌లో పెట్టి 74 డిగ్రీలకు చేరిన తరువాత తీసుకురావచ్చు. పచ్చి మాంసానికి వాడిన పలక, కత్తి కడగకుండా ఉడికిన మాంసానికి వాడరాదు.

మిగిలినది కూడా అనుగ్రహమే

కబుర్లలో పడి పక్షిని గంటల తరబడి బల్ల మీదే వదిలివేయడం మరొక పొరపాటు. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు వంట వేడిని తట్టుకుని, మాంసం నెమ్మదిగా చల్లారే సమయంలో వృద్ధి చెందుతాయి. అమెరికాలో ఈ జబ్బు నవంబరు, డిసెంబరు నెలల విందుల కాలంలోనే తరచుగా తలెత్తుతుంది. వడ్డించిన రెండు గంటలలోపు మాంసాన్ని ఎముకల నుంచి వేరు చేసి, వెడల్పైన చిన్న పాత్రలలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులలో తినివేయాలి, లేదా ఫ్రీజరులో దాచుకోవాలి. తిరిగి వేడి చేసేటప్పుడు మళ్ళీ 74 డిగ్రీలకు చేర్చాలి.

ఎముకలతో కాచిన యఖ్నీ చక్కని పులావుకు పనికివస్తుంది. తొడ మాంసాన్ని గోధుమ రవ్వ, పప్పులతో కలిపి మెదిపితే శుక్రవారం జుమా తరువాత హలీం సిద్ధం. రొమ్ము మాంసం సన్నగా చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీరతో వేయిస్తే పిల్లల డబ్బాలలోకి మంచి కూర అవుతుంది.

ఇంటి పళ్ళెంతో పాటు పొరుగువారి పళ్ళెం కూడా గుర్తుండాలి. పొరుగువారి హక్కును గురించి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) ఎంతగా నొక్కి చెప్పారో మనకు తెలియనిది కాదు. అమెరికాలోని అనేక మస్జిదులు, ముస్లిం సేవాసంస్థలు ఈ సెలవుకు ముందు పేద కుటుంబాలకు మతభేదం లేకుండా టర్కీలు పంచుతున్నాయి. రెండు పక్షులు కొనగల శక్తి ఉన్నవారు రెండవదాన్ని అటు చేర్చవచ్చు. ఒక్కటే కొనగలిగినవారు వేడివేడిగా ఒక గిన్నె పక్కింటి వృద్ధురాలికి పంపవచ్చు.

ఒక ప్రాణి మన ఆకలి తీర్చడానికి ప్రాణం కోల్పోయింది. దానిని అల్లాహ్ పేరు మీద తీసుకున్నాము. పచ్చిగా వడ్డించి ఒకరిని రోగం పాలు చేసినా, ఎండగొట్టి చెత్తబుట్ట పాలు చేసినా ఆ పేరుకు మనం న్యాయం చేసినవారం కాము. మూడు రోజుల ముందుచూపు, చిటికెడు ఓర్పు, ఒక థర్మామీటరు ఉంటే ఆ న్యాయం చేయడం కష్టమేమీ కాదు. మన పిల్లలు, మనుమలు ఏ దేశంలో ఏ పళ్ళెం ముందు కూర్చున్నా అది హలాల్‌గా, తయ్యిబ్‌గా ఉండేటట్లు అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.